కారణం గడి

ఫాతిమానగర్ చర్చి ఎనుక గల్లీల
రాత్రి రెండున్నరకు లైటు ఎలుగుతున్నదంటే
దొంగలు గాదు, జ్వరం గాదు,
యాడనో సముద్రం ఒడ్డుకు
పాటల పోటీ అయితున్నట్టు.

రేమండ్ సార్ గూడ్స్ గార్డు. రిటైరై పదకొండేండ్లు.
పచ్చ జెండా, ఎర్ర జెండా, విజిలు
కాజీపేటల్నే అప్పజెప్పి వచ్చిండు గని
ఒక్క డైరీ మాత్రం అప్పజెప్పలే.
బండి ఎన్ని నిమిషాలు లేటో రాసే గళ్ళల్ల
మన దేశం ఎన్నో నంబరొచ్చిందో రాస్తడు.

ముప్పై ఒక్క దేశాలల్ల ముప్పయ్యోది.
ఇరవై ఆరింట్ల ఇరవై ఆరు.
ఒక యేడు పోనే పోలే, వీసాలు రాలే.
ఒక యేడు పదకొండు!
దాని కింద ఎర్ర సిరతోని రెండు గీతలు,
గీతల కింద సన్నగ:
లెక్క తప్పు జేసిండ్రట. ఇరవై ఒకటి.

కారణం అని ఇంకో గడి ఉన్నది.
లేటుకు కారణం రాసి రాసి అలవాటు పడ్డ చెయ్యి.
మైకు కోసింది.
పిల్లకు జలుబు.
వాళ్ళ భాషల పాడినం, యాస కుదరలే.
మన భాషల పాడినం, సమజ్ కాలే.
సిగ్నల్ దొరకలే.
ఈ ఆఖరుది పాటదో బండిదో
నేనడుగలే.

ఇయ్యాల నాకు నైట్ డ్యూటీ లేదు, పోయిన.
ఫోను చక్కెర డబ్బకు ఆనిచ్చి పెట్టిండు.
మనామె వచ్చింది. నెమలి రంగు చీర,
ఎనుక పొగ, పొగల పన్నెండు మంది డ్యాన్సు,
మూడు నిమిషాల్ల ఆమె ముఖం
ఇరవై సెకన్లు కనబడ్డది.
గొంతు మంచిగనే ఉండె.
దాన్ని ఒంటరిగ ఎవలూ ఇడిసి పెట్టలే.

ఇగ మార్కులు.
పక్క పక్క దేశాలు ఒకదానికొకటి ఏసుకుంటున్నయి,
సర్పంచ్ ఎలక్షన్ల ఇంటిపేరు చూసి గుద్దినట్టు.
"మరి మన పక్కోళ్ళు?" అన్న.
"మనం వాళ్ళకేసినమా?" అన్నడు సార్.
ఆ రాత్రంత మన పేరు రెండే సార్లు ఇనబడ్డది,
రెండోసారి, వచ్చినందుకు థ్యాంక్స్ అని.

ఇరవై తొమ్మిదింట్ల ఇరవై ఎనిమిది.

చాయ్ పోసుకుంట అడిగిండు:
మీ నాయన ఓదేలు గొంతు యాడిదాక ఇనబడేదో ఎరుకేనా?
నాకెట్ల ఎరుక. నాకు బుద్ధి తెలిసేసరికి మిషన్లొచ్చినయి.
పెండ్యాల దాటినంక వంపు కాడ
గ్యాంగోళ్ళు పట్టా జరుపుతుంటే నా బండి ఆగింది, అన్నడు.
పద్దెనిమిది మంది, పద్దెనిమిది గడ్డపారలు.
మీ నాయన ఒక మాట ఎత్తుతడు, వాళ్ళు అందుకుంటరు,
పట్టా ఇంచు జరుగుతది.
మేస్త్రీ బొజ్జ మీద ఒక మాట,
రాని బోనసు మీద ఒకటి,
ఆఫీసరమ్మ కుక్కపిల్ల మీద రెండు.
నలభై రెండు వ్యాగన్ల ఇవతల
బ్రేకు వ్యాన్ల కూసొని నవ్విన్నే.

"ఆ పాటకు మార్కులెవలేసిండ్రు?"
"పట్టా ఏసింది" అన్న, ఉత్తగనే.

సార్ గ్లాసు కింద పెట్టిండు.
కారణం గడిల రాస్తడేమో అనుకున్న. రాయలే.
"స్టేజీ మీదికి పట్టా ఎవలు మోసుకపోతరు బిడ్డా."

నిజమే. నాయనను పంపినా ఓడిపోవుడే.
మూడు నిమిషాలంటే ఆయనకు ఊపిరి తీసుకునే టైము.
చేతుల గడ్డపార లేంది గొంతు లేచేది గాదు.
ఇంట్ల పాడుమంటే దగ్గెటోడు.

"ఎప్పటికన్న గెలుస్తమా సార్?"
అద్దాలు తుడుసుకున్నడు.
బయట ఏదో గూడ్సు, బల్లార్షా దిక్కు,
గల్లీ కిటికీలన్నీ గలగలమన్నయి, అది పొయ్యేదాక ఆగిండు.
"బండి రద్దయిందని ఎవలన్న చెప్పిండ్రా?"
చెప్పలే.
"రద్దు గానంత సేపు, అది లేటే."

స్కేలు తీసి వచ్చే యేటికి గళ్ళు కొట్టిండు.
తారీఖుకు, ఊరికి, పాడెటోళ్ళ పేరుకు.
కారణం గడి ఎప్పటి లెక్కనే ఎడల్పు.
నంబరు గడి మాత్రం
ఒక్క అంకె పట్టేటంతే గీసిండు.